ఈ నేల భాష మన బడుల్లోకి రావాలి: మిన్నెసోటా తెలుగు తల్లిదండ్రులకు, స్కూల్ బోర్డు సభ్యులకు, శాసనసభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ట్విన్ సిటీస్ అనే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల శివారులో పదహారేళ్లుగా ఉంటున్న ఒక తల్లిని. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఈ ప్రాంతపు ఆదివాసులైన ఒజిబ్వేల భాషను ఒక సబ్జెక్టుగా పెట్టమని మా స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి జవాబే లేదు. రెండోదానికి చాలా నెలల తర్వాత రెండు వాక్యాలు వచ్చాయి. ఆ భాష కావాలని అడిగే కుటుంబాలు తగినన్ని లేవని, ఎవరైనా అడిగితే అప్పుడు చూస్తామని వాటి సారాంశం.

అడిగేవాళ్లు లేరన్నారు. అడగగలిగినవాళ్లు మన వీధుల్లోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతిని బోర్డుకు, మా ప్రాంత శాసనసభ్యులకు కూడా పంపుతున్నాను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను ఒజిబ్వే మనిషిని కాను, వాళ్ల తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. ఈ రాష్ట్రంలో పన్ను కడుతూ, ఇక్కడి బడికి పిల్లను పంపుతున్న తల్లిగా మాత్రమే రాస్తున్నాను.

ఈ సంగతి నా మనసులో పడింది ఇటాస్కా పార్కులో. మిసిసిపీ నది పుట్టేచోట రాళ్లమీద అటూ ఇటూ దాటి ఫోటో దిగని తెలుగు కుటుంబం మిన్నెసోటాలో ఉంటుందా? మేమూ దిగాం. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. "ఇటాస్కా అంటే ఏంటమ్మా?" అని అడిగింది. ఇక్కడి ఆదివాసుల, అంటే అమెరికన్ ఇండియన్ల మాటేమో అన్నాను. ఇంటికొచ్చి చదివితే అది ఏ ఇండియన్ల మాటా కాదని తేలింది. ఆ చెరువుకు ఒజిబ్వే పేరు ఒమష్కోజో-జాగఇగన్, అంటే ఎల్క్ దుప్పి చెరువు. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే తెల్ల అన్వేషకుణ్ని అక్కడికి దారి చూపి తీసుకెళ్లింది ఒజావిందిబ్ అనే ఒజిబ్వే మనిషి. ఆ మనిషి భాషలో చెరువుకు పేరు అప్పటికే ఉంది. అయినా స్కూల్‌క్రాఫ్ట్ 'వెరిటాస్ కపుట్' అనే రెండు లాటిన్ మాటల్లో మొదటిదాని తల, రెండోదాని తోక కత్తిరించి, మిగిలిన ముక్కతో ఇటాస్కా అని పేరు పెట్టాడు. మనం ఫోటోల కింద రాసుకునేది ఆ ముక్కే.

మిసిసిపీ మాత్రం ఒజిబ్వే మాటే, పెద్ద నది అని అర్థం. బెమిడ్జి, మనోమెన్ లాంటి ఊళ్ల పేర్లూ, పక్క రాష్ట్రం మిషిగన్ పేరూ ఆ భాషలోంచే వచ్చాయి. మిన్నెసోటా అనేది ఇక్కడి ఇంకో ఆదివాసీ జాతి డకోటాల మాట. మేముండే ట్విన్ సిటీస్ నేల కూడా డకోటా వాళ్లదే, ఒజిబ్వే ఊళ్లు ఎక్కువగా ఉత్తరాన ఉన్నాయి. డకోటా భాష పరిస్థితి ఇంకా దారుణం. నేను అడిగేది రెండు భాషల కోసమూ. ఒజిబ్వే గురించి ఎక్కువ రాస్తున్నానంటే, మా అమ్మాయి రెండేళ్లుగా సొంతంగా నేర్చుకుంటున్నది అదే కాబట్టి.

తను నేర్చుకుంటూ వచ్చి నాకు చెప్పిన సంగతులు మీకూ చెప్పాలి.

ఇంగ్లీషులో 'వి' అనే ఒక్క మాటే ఉంది. ఒజిబ్వేలో రెండున్నాయి. ఎదుటివాళ్లను కలుపుకుంటే గీనవింద్, కలుపుకోకపోతే నీనవింద్. మన 'మనం', 'మేము' లాగే. ఇంగ్లీషులో పెరుగుతున్న మా అమ్మాయికి ఈ తేడా తెలుగులో ఎన్నిసార్లు చెప్పినా తప్పు పోయేది కాదు, ఒజిబ్వే నేర్చుకున్నాక పోయింది. వరసలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. అన్నకు ఒక మాట, అక్కకు ఒక మాట, చిన్నవాళ్లకు ఇంకో మాట. నాన్న అన్నదమ్ములు వేరు, మేనమామ వేరు. పిన్ని వేరు, మేనత్త వేరు. పైగా అత్తగారిని పిలిచే మాట మేనత్త మాటలోంచే పుట్టింది! మేనబావ, మేనమరదలు వరసకున్న నీనిమోషెన్ అనే మాటకు ప్రియుడు, ప్రియురాలు అన్న అర్థం కూడా ఉంది. ఇది చెప్తే ఫోన్లో మా అమ్మ ఎంత నవ్విందో. అమెరికా ఆదివాసుల వరసలనూ తమిళ, తెలుగు వరసలనూ పోల్చి లూయీ హెన్రీ మోర్గన్ అనే పండితుడు 1871లోనే రాశాడు. ఈ పోలికలున్నంత మాత్రాన వాళ్లకూ మనకూ చుట్టరికం ఉందని కాదు. కానీ ఇంగ్లీషులో 'అంకుల్', 'ఆంటీ' అనే రెండు మాటల్లో కుటుంబం మొత్తాన్ని కుక్కాల్సి రావడం ఎలా ఉంటుందో మనకు అర్థమైనంతగా ఇక్కడ ఎక్కువ మందికి అర్థం కాదు.

ఇంత చక్కటి భాషను పిల్లల నోట్లోంచి తీసేసింది ఎవరో కాదు, బడే.

1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి ఒక బోర్డింగ్ స్కూల్ తెరిచాడు. పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించే పద్ధతి అక్కణ్నుంచి దేశమంతా పాకింది. "వాడిలోని ఇండియన్‌ను చంపి, మనిషిని కాపాడాలి" అన్నది 1892లో ఆయన చెప్పిన సిద్ధాంతం. అమెరికా ప్రభుత్వం 2022లో ఇచ్చిన సొంత నివేదిక ప్రకారమే 1819 నుంచి 1969 దాకా 37 రాష్ట్రాల్లో ఇలాంటి బడులు 408 నడిచాయి. 2024లో ఇచ్చిన రెండో నివేదికలో ఆ లెక్క 417కు పెరిగింది. ఆ బడుల్లో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని అందులో ఉంది. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. ఇదంతా ఎక్కడో జరిగిన కథ కాదు. మన పిల్లలు డిగ్రీకి అప్లై చేసే మిన్నెసోటా యూనివర్సిటీ మోరిస్ క్యాంపస్ ఉన్నది ఒకప్పటి అలాంటి బోర్డింగ్ స్కూల్ స్థలంలోనే. 1909లో ఆ స్థలాన్ని రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు ఆదివాసీ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టారు. అది ఇప్పటికీ అమల్లో ఉంది.

బెమిడ్జిలో ఒకసారి ఒక పెద్దావిడతో మాట్లాడాను. వాళ్లమ్మ బోర్డింగ్ స్కూల్లో చదివింది. ఇంట్లో భర్తతో ఒజిబ్వేలో మాట్లాడేదట, పిల్లలు గదిలోకి రాగానే ఇంగ్లీషుకు మారేదట. "మాకు దెబ్బలు తగలకూడదని" అన్నారావిడ. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేకపోయాను. ఇంగ్లీషు వెనకబడుతుందేమోనన్న టెన్షన్‌తో పిల్లలతో తెలుగు మానేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ రెండూ ఒకటేనని నేననను. మనం మన ఇష్టంతో మానేశాం, వాళ్ల దగ్గర కొట్టి లాక్కున్నారు. లాక్కున్నది ప్రభుత్వ డబ్బుతో నడిచిన బడి కాబట్టి, తిరిగి ఇవ్వాల్సిందీ ప్రభుత్వ డబ్బుతో నడిచే బడే. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా, ఇది ఆలస్యమైతే ఎవరికి ఏమవుతుందన్నదే.

1. పెద్దలు వెళ్లిపోతున్నారు. కెనడా వైపు ఒజిబ్వే మాట్లాడేవాళ్లు ఇంకా వేలల్లో ఉన్నారు. అమెరికా వైపు పుట్టినప్పటి నుంచీ ఆ భాషలో పెరిగినవాళ్లు వందల్లోనే మిగిలారు, వాళ్లలో చాలామంది బాగా పెద్దవాళ్లు. రెడ్ లేక్ అనే ఒజిబ్వే ప్రాంతంలోని పొనెమా లాంటి కొద్ది ఊళ్లలోనే భాష గట్టిగా నిలబడింది. వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్న ప్రతిసారీ రెండేళ్లు పోతాయి. ఎనభై ఏళ్ల టీచరుకు రెండేళ్లంటే ఎంతో మీరే ఆలోచించండి.

2. ఈ భాషలు నేర్పే ఉన్న కొద్ది బడులు గ్రాంట్ల మీద బతుకుతున్నాయి. పని జరగడం లేదని నేను చెప్పడం లేదు. విస్కాన్సిన్‌లోని లాక్ కూర్ట్ ఒరెయ్ అనే ఒజిబ్వే ప్రాంతంలో 2000 ప్రాంతంలో మొదలైన వాడూకొడాడింగ్ బడిలో లెక్కలు, సైన్సు కూడా ఒజిబ్వేలోనే చెప్తారు. ఆ పేరుకు ఒకరికొకరు సాయపడే చోటు అని అర్థం. మిన్నెసోటాలోని ఇంకో ఒజిబ్వే ప్రాంతం లీచ్ లేక్‌లో నీగానే, మినియాపొలిస్‌లో బిడోటే, డులూత్ ప్రభుత్వ బడుల్లో మిసాబెకాంగ్ అనే ఇలాంటి ప్రయత్నాలు ఉన్నాయి. మిన్నెసోటా యూనివర్సిటీలో 1969 నుంచే అమెరికన్ ఇండియన్ స్టడీస్ విభాగం ఉంది. పెద్దల గొంతులతో రికార్డు చేసిన ఒజిబ్వే నిఘంటువును ఆ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మా అమ్మాయి నేర్చుకుంటున్నది దాన్ని విని విని. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో, హవాయిలో 1984లో చంటిపిల్లల బడులతో మొదలుపెట్టి చేసి చూపించిన పనే ఇది.

కానీ ఈ బడుల్లో పాఠ్యపుస్తకం కొనుక్కుంటే దొరకదు. టీచరే తయారు చేసుకోవాలి. భిన్నాలకూ కోణాలకూ మాటలు కావాలంటే పెద్దలతో కూర్చుని కట్టుకోవాలి. పగలు పాఠం, రాత్రి పుస్తకం రాయడం. ఇంత చేసే టీచరుకు ఉద్యోగం గ్రాంట్ ఉన్నన్నాళ్లే. గ్రాంట్ మూడేళ్లో, ఐదేళ్లో. కిండర్‌గార్టెన్‌లో పిల్లను చేర్చిన తల్లికి, ఆ పిల్ల నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ తరగతి ఉంటుందో లేదో తెలియదు. ఇంటి లోన్ కట్టాల్సిన పాతికేళ్ల టీచరు మూడో ఏడు వేరే ఉద్యోగం చూసుకుంటే తప్పు పట్టగలమా? భాష నేర్చుకోవడానికి ఆ టీచరుకు పదేళ్లు పట్టి ఉంటుంది. ఆ పదేళ్లూ ఒక్క బడ్జెట్ మీటింగ్‌లో పోతాయి.

3. ఆదివాసీ పిల్లలకు బడి పరాయిదిగానే ఉంది. మిన్నెసోటాలో నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తిచేసే పిల్లల లెక్కల్లో అన్ని వర్గాల కన్నా వెనకబడి ఉన్నది అమెరికన్ ఇండియన్ పిల్లలే. భాష నేర్పగానే ఆ లెక్క మారిపోతుందని నేను చెప్పను. తన అమ్మమ్మ నోరు మూయించిన చోటుకు ఒక పిల్ల రోజూ పొద్దున్నే బస్సెక్కి రావాలంటే, ఆ అమ్మమ్మ మాటకు అక్కడ ఒక గది, ఒక గంట, ఒక టీచరు ఉండాలని మాత్రం చెప్తాను.

4. పని కూడా పోతుంది. మనోమిన్ అంటే ఇక్కడి చెరువుల్లో తనంతట తాను పండే ధాన్యం. వైల్డ్ రైస్ పేరుతో కొంటాం, 1977 నుంచి అది ఈ రాష్ట్ర ధాన్యం. ఒకరు పడవ నడిపితే ఇంకొకరు రెండు కర్రలతో కంకులు వంచి గింజ రాలుస్తారు. తర్వాత వేయించి, తొక్కి, భూర్జ చెట్టు బెరడుతో చేసిన చేటలో చెరుగుతారు. నేను చేట అన్నది పోలిక కోసం కాదు, అది చేటే. మా నాయనమ్మ చెరిగిన తీరులోనే చెరుగుతారు. ఆ నెలకు పేరే మనోమిన్ కోతల నెల. ఏ గింజ పాలు పోసుకుంది, ఏది ఇంకో వారం ఆగాలి, ఏ చెరువును ఈ ఏడు వదిలేయాలి అన్న తెలివి ఆ మాటల్లోనే ఉంది. వరిని నమ్ముకుని పెరిగినవాళ్లం, కుప్ప, కళ్లం, తూర్పార అన్న మాటలు మన పిల్లలకు తెలియకుండా పోతే ఏం పోతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

5. మన పిల్లలూ నష్టపోతున్నారు. ఒక సాంస్కృతిక కార్యక్రమంలో పిల్లల వేషాల పోటీలో ఒక చంటివాడికి ఈకల టోపీ పెట్టి, ముఖానికి రంగులు పూసి 'రెడ్ ఇండియన్' అని స్టేజీ ఎక్కించారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఈ పిల్లవాడి క్లాసులోనే వైట్ ఎర్త్ అనే ఒజిబ్వే ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల ఉండొచ్చన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు.

ఇక చట్టం సంగతి. సొంత భాషలను కాపాడుకునే హక్కు ఆదివాసులకు ఉందని అమెరికా చట్టం ఒప్పుకున్నది 1990లో. మిన్నెసోటా శాసనసభ 2023లో ఒక మంచి పని చేసింది. అమెరికన్ ఇండియన్ విద్యార్థులు 100 మంది, లేదా మొత్తంలో 5 శాతం ఉన్న డిస్ట్రిక్టులు వాళ్ల భాష, సంస్కృతి తరగతులు నడపాలని చట్టంలో పెట్టింది. ఆ పని చేసిన సభ్యులకు కృతజ్ఞతలు. కానీ ఆ లెక్కకు అందని శివారు డిస్ట్రిక్టుల్లో 'అడిగేవాళ్లు లేరు' అన్న జవాబు అలాగే ఉంది. ఉన్న డిస్ట్రిక్టుల్లో కూడా టీచరు దొరక్కపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది.

ఇక్కడ నాకున్న ఒక భయం దాచుకోకుండా చెప్పాలి. ఉన్నదే కొద్దిమంది టీచర్లు. మాలాంటివాళ్లం అడిగామని, ఎక్కువ జీతమిచ్చి శివారు బడులు లీచ్ లేక్ నుంచి, రెడ్ లేక్ నుంచి టీచర్లను లాగేసుకుంటే, అది ఇంకోరకం దోపిడీ. అలాంటి తరగతి నా కూతురికి వద్దు. కాబట్టి నా విన్నపాల్లో వరస ముఖ్యం. దయచేసి ఈ వరసలోనే చదవండి.

శాసనసభ్యులకు:

1. ఒజిబ్వే, డకోటా మాధ్యమ బడులకు ఇచ్చే డబ్బును గ్రాంట్ల కింద నుంచి తీసి, ఏటా ఉండే బడ్జెట్‌లో చేర్చండి. కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్ల హైస్కూల్ ముగించేదాకా ఆ తరగతులు ఉంటాయన్న హామీ చట్టంలో రాయండి.

2. ఈ భాషల టీచర్లవ్వాలనుకునే ఆదివాసీ యువతకు పూర్తి ఫీజు, చదువుతున్నన్నాళ్లూ బతకడానికి జీతం ఇవ్వండి. ఫీజు ఒక్కటే కడితే చాలదు, పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే గంటలకు కూడా డబ్బివ్వాలి. క్లాసులో కూర్చునే పెద్దలకు డిగ్రీ లేదన్న కారణంతో తక్కువ ఇవ్వకండి.

స్కూల్ బోర్డులకు:

3. పై రెండూ మొదలయ్యాక, చిన్న డిస్ట్రిక్టులు నాలుగైదు కలిసి ఒక టీచరును పెట్టుకుని వీడియో తరగతి నడపండి. ఆ కోర్సుకు స్పానిష్, ఫ్రెంచ్‌తో సమానంగా క్రెడిట్ ఇవ్వండి. సీట్లలో మొదటి హక్కు ఆదివాసీ పిల్లలది. మిగిలితేనే మా పిల్లలకు.

4. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది ఆయా ఆదివాసీ ప్రభుత్వాలు నిర్ణయించాలి. ఒజిబ్వేల పురాణ నాయకుడు నానబోజో కథలు నేలమీద మంచు ఉన్నప్పుడే చెప్పాలన్న కట్టుబాటు ఉంది. అది తెలియని పుస్తకం ఒకటి కొని మే నెలలో ఆ కథలు చెప్పించడం నేర్పడం కిందికి రాదు.

తెలుగు సంఘాల పెద్దలకు, తల్లిదండ్రులకు:

5. పై నాలుగూ కావాలని మీ శాసనసభ్యులకు, మీ బోర్డుకు ఒక్క ఈమెయిల్ రాయండి. సంఘం తరఫున ఒక తీర్మానం చేయండి. తెలుగుకు హైస్కూల్ క్రెడిట్ కావాలని మనం అడుగుతున్నాం, అడగాలి కూడా. ఆ ఉత్తరంలోనే ఇంకో పేరా రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఉగాదికీ సంక్రాంతికీ స్టేజీ మీద ఈకల టోపీలు ఆపేయండి. ఒక ఒజిబ్వే పెద్దను పిలవాలనుకుంటే మర్యాదగా పిలిచి, మన కళాకారులకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వండి.

"మనకెందుకు, మనం వలస వచ్చినవాళ్లం కదా" అని ఒక స్నేహితురాలు అంది. మంచి మనసున్న మనిషే. కానీ ఆ మాటలో 'మనం' అంటే ఎవరో నాకు అర్థం కాలేదు. ఇక్కడి నీళ్లు తాగుతున్నాం, ఇక్కడి చెరువుల పక్కన ఇళ్లు కట్టుకున్నాం, ఇక్కడి బడుల మంచి రేటింగులు చూసి మరీ వచ్చాం. ఈ లెక్కలన్నిటిలో గీనవింద్ అని, ఈ ఒక్క విషయంలో నీనవింద్ అంటే ఎలా?

వచ్చే నెల బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి నా పేరు ఇచ్చాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. మా అమ్మాయి కూడా పేరిచ్చింది. వచ్చే ఏటి కోర్సుల జాబితా శీతాకాలంలోనే ఖరారవుతుంది, ఆ తర్వాత ఎవరు అడిగినా ఇంకో ఏడాది ఆగమంటారు. మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు, వచ్చి ఆ కుర్చీల్లో కూర్చోండి. ఎంతమంది అడిగారో ఈసారి వాళ్లే లెక్క పెట్టుకుంటారు.

మీగ్వెచ్. ధన్యవాదాలు.

ఇట్లు,
ఒక తెలుగు తల్లి,
మిన్నెసోటా